మంట ఆరాక మిగిలే విషం

సంపాదకులకు,

అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా మీరు వేసిన వ్యాసం సిబ్బంది ధైర్యాన్ని చక్కగా చెప్పింది. కానీ కొత్త వాహనాలు వస్తే వారికి రక్షణ దొరికినట్లేనన్న ముగింపుతో ఏకీభవించలేను.

అగ్నిమాపక వృత్తే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో తేల్చింది. కారణం పొగ ఒక్కటే కాదు. పెట్రోలు, డీజిల్ మంటలపై చల్లే కొన్ని రకాల నురుగులో, కొన్ని రక్షణ దుస్తుల్లో పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలుంటాయి. వాటిలో పీఎఫ్‌ఓఏను అదే సంస్థ 2023లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అది ఒంట్లో చేరితే సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. మామూలు రక్తపరీక్షలో కనిపించదు.

ఈ ముప్పు మన దగ్గరా ఉంది. కామారెడ్డి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై రాత్రింబగళ్లు ట్యాంకర్లు నడుస్తాయి. ఎల్లారెడ్డి పల్లెల్లో గడ్డివాము అంటుకున్నా పిలుపు వెళ్లేది అగ్నిమాపక సిబ్బందికే.

అమెరికా రక్షణ శాఖ తన అగ్నిమాపక సిబ్బందికి 2020 అక్టోబరు నుంచి ఏటా పీఫాస్ రక్తపరీక్ష అందిస్తోంది. మన దగ్గరా ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి, తర్వాత కొన్నేళ్లకోసారి ఆ పరీక్ష చేయించాలి. ఎవరు ఏ మంటకు వెళ్లారో, ఏ నురుగు వాడారో రిజిస్టరులో రాయాలి. శిక్షణలో ఫ్లోరిన్ లేని నురుగే వాడాలి. మసిపట్టిన దుస్తులు ఇంటికి మోసుకెళ్లకుండా స్టేషన్‌లోనే ఉతికే ఏర్పాటుండాలి.

వీటిని కామారెడ్డి, ఎల్లారెడ్డిలతోనే మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మన ప్రాణాలు కాపాడేవారి ఆరోగ్యానికి లెక్క ఉంచడం మన బాధ్యత.

– ఒక పాఠకుడు, కామారెడ్డి