గంజి కోసం కాదు, గౌరవం కోసం

'బియ్యానికి మతం మారినోళ్ళు' - అర్ధవీడు నుంచి ఒంగోలు దాకా మన పల్లెల్లో ఈ మాట పడని వాళ్ళు లేరు. ఎవరికి కోపం వచ్చినా ముందు మన తాతల మీద పడతారు. ఈ నిందకు జవాబు మన చరిత్రలోనే ఉంది.

అమెరికా బాప్టిస్టు మిషను క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. అప్పటికే మనోళ్ళు దారి వెతుక్కుంటున్నారు. మాదిగ తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య గురువుల దగ్గర రాజయోగం నేర్చి, ఆ తర్వాత క్రీస్తు మాట విని, తానే దొరని వెతుక్కుంటూ వచ్చాడు. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని బడి మాన్పిస్తామని పెద్దకులాలోళ్ళు బెదిరించారు. బడి ఖాళీ అయింది, మాదిగలు చేరారు.

చేరినోళ్ళు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు. జాతరకి డప్పు కొట్టమన్నారు. ఆదివారం పనికి రామన్నారు. పెత్తందార్లు ఊరుకుంటారా? కొట్టారు, పని మాన్పించారు, బావి నీళ్ళు ఆపారు. గంజి కోసమే అయితే, ఉన్న గంజి ఎందుకు పోగొట్టుకుంటారు?

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆకలి మనుషుల్ని దగ్గర చేసిన మాట నిజం. కానీ సాయం నడిచినన్నాళ్ళు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి అయిపోయాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. మన నల్లమలలో పుట్టిన ఏరే అది!

జర్మనీలోనూ ఇదే జరిగింది. పాపక్షమాపణ చీటీలు అమ్ముకునే పెద్దల మీద 1517లో లూథరు తిరగబడ్డాడు. 1522లో కొత్త నిబంధన జర్మను భాషలో అచ్చయింది. దేవుడి మాట తమ భాషలో వినగానే సామాన్యుడికి గుండెధైర్యం వచ్చింది. రోము పెత్తనం, రోముకు పోయే సొమ్ము తప్పుతాయని రాజులూ కలిశారు. 1525లో రైతులు అదే బైబిలు చూపి వెట్టి వద్దన్నారు. అప్పుడు లూథరు రాజుల పక్షాన నిలిచాడు. రైతులు వేలాదిగా కూలిపోయారు.

ఈ పాఠం మనది కూడా. మనకి అక్షరం వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, భూమి మాత్రం రాలేదు. సంఘంలోకీ కులం దూరింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీ జాబితాకి బయట పెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచినోళ్ళు మనకి తెరవలేదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మతం మారితే ఊళ్ళో అంటు పోయిందా? పోనప్పుడు హక్కెట్లా పోద్ది?

అన్నలారా, అక్కలారా! గుళ్ళో మోకరిల్లండి, మండలాఫీసు ముందు మాత్రం నిలబడండి. మాల, మాదిగ తేడా లేకుండా ఒక్క బల్ల దగ్గర కూచోండి. సాగు భూమి, శ్మశానం, ఎస్సీ హోదా - ఈ మూడూ అడగండి. మన తాతలు ఏట్లో దిగింది తల ఎత్తుకుని పైకి రావడానికే.

జై భీమ్!