అటకెక్కిన వీణ

మన మధ్యతరగతి ఇళ్ళల్లో వీణకి ఒక జాతకం రాసిపెట్టి ఉంటుంది. ఆడపిల్ల పెళ్ళికెదిగేదాకా ముందుగదిలో ఉంటుంది. పెళ్ళిచూపుల్లో రెండు కృతులు పలికి తన ధర్మం నెరవేరుస్తుంది. ఆ తరవాత అమ్మాయితోపాటు అత్తవారింటికి వచ్చి, గలేబు తొడిగించుకుని అటకెక్కుతుంది. ఏడాదికోసారి దసరాల్లో సరస్వతీపూజకి దిగి, పసుపూ కుంకుమా పెట్టించుకుని మళ్ళీ ఎక్కేస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళయి, "ఇంక నాలుగు కీర్తనలు వాయించుకుందాం" అని ఇల్లాలు దాన్ని దింపేసరికి ఆవిడకి అరవై నిండుతాయి. వీణకి పెద్దగా ఏమీ కాదు. మైనం ఎండిపోయి ఉంటుంది, మెట్లు మళ్ళీ కట్టించాలి, అంతే. ఇంట్లోవాళ్ళ సలహా మాత్రం తాజాగా సిద్ధంగా ఉంటుంది: "ఈ వయసులో ఎందుకమ్మా ఈ అవస్థ?"

ఎందుకు కూడదూ అని నేనడుగుతున్నాను.

అవస్థ అబద్ధమనను. పనసకర్ర వీణ సుమారు 8 కిలోలుంటుంది. బాసిపట్టు వేసుకుని నేలమీద కూచోవాలి, మోకాళ్ళు ఒప్పుకోవు. తీగని పక్కకి లాగి గమకం పలికించాలి, వేళ్ళ కీళ్ళు ఒప్పుకోవు. కానీ చూపు తగ్గిందని భాగవతం చదవడం మానేస్తున్నామా? కళ్ళజోడు పెట్టుకుంటున్నాం. వీణ దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడులాంటిది లోకంలో లేనట్టు మాట్లాడతారేం?

ఉంది. మొదటిది, శ్రుతి దించుకోవడం. మూడు శ్రుతిలో ఉన్న వీణని రెండుకి దించితే తీగల బిగువు సుమారు అయిదోవంతు తగ్గుతుంది. శ్రుతి దించడం ఇష్టం లేకపోతే సన్నని తీగలు వేయించుకోండి. మందం పదోవంతు తగ్గితే బిగువు అయిదోవంతు దాకా తగ్గుతుంది. మరీ వదులు చేస్తే మాత్రం వేలు నొక్కగానే స్వరం జారిపోతుంది, జాగ్రత్త. కింద కూచోలేకపోతే ఎత్తు సరిచూసుకుని చిన్న బల్లమీద వీణ, వెనకాల కుర్చీ. వీణ ఏమీ అలగదు.

సన్నని తీగ గొంతు చిన్నది. గట్టిగా మీటితే వేలికి నొప్పి. అందుకే కాంటాక్టు మైకు, చిన్న ఆంప్లిఫయరు. మెల్లిగా మీటినా గదంతా వినిపిస్తుంది. ఇంట్లోకి 10, 15 వాట్లు బోలెడు. కొనేముందు మూడు సంగతులు చూడండి. ఒంటిచేత్తో ఎత్తగలరా? మీటలమీద అక్షరాలు కనిపిస్తున్నాయా? వంగకుండా చెయ్యి అందుతుందా? వయసుతో మన చెవికి మొదట దూరమయ్యేవి పైస్థాయి ధ్వనులు. కాబట్టి శబ్దం పెంచేముందు పెట్టెని నేలమీంచి తీసి, చెవికి ఎదురుగా స్టూలు మీద పెట్టండి. నాసిరకం మైకు రేకుడబ్బాలా మోగుతుంది, మీ వీణకే పెట్టి విన్నాకే డబ్బివ్వండి.

ఇక్కడ శాస్త్రం తెలిసిన పెద్దలు లేస్తారు. "కరెంటు తగిల్తే నాదం చెడుతుంది!" అయ్యా, సభల్లో మీరు విన్న వీణ ఎన్నేళ్ళనుంచి మైకులోంచి వస్తోంది? ఫిడేలు పడమటినుంచి వచ్చింది, మన కచేరీకి అదే ప్రాణమయింది. 1980లలో పాలకొల్లు కుర్రవాడు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌మీద త్యాగరాజకృతులు వాయిస్తే సభలు నిండిపోయాయి. వేదికమీద కళ అనిపించుకున్న తీగ, అరవయ్యేళ్ళ ఇల్లాలి ముందుగదిలో అపచారం ఎలా అవుతుంది?

గిటారు వాయించేవాళ్ళకి ఈ సంకోచాలు తక్కువ. మామూలు గిటారుకి మొదటి తీగ తరచు అంగుళంలో వెయ్యింట 12 వంతులైతే, ఎలక్ట్రిక్ గిటారుకి 9 వంతులది దొరుకుతుంది. వేళ్ళు నొచ్చినవాడు దానికి మారతాడు. అమెరికాలో లెస్ పాల్ అనే ఆయన కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయినా, మిగిలిన వేళ్ళతోనే న్యూయార్కులో సోమవారం సోమవారం గిటారు వాయించాడు. 2009లో 94 ఏళ్ళకి పోయేదాకా! "ఈ వయసులో ఎందుకు తాతా" అని ఆయన్ని కూచోబెట్టలేదు, టిక్కెట్లు కొనుక్కుని విన్నారు.

అసలు అడ్డు నాదం కాదు, మోకాలూ కాదు, ఖర్చు. మొన్న ఒక వాద్యాల దుకాణంలో తేలికపాటి వీణ చూపించమంటే "మనవరాలికా అమ్మా?" అన్నాడు. నాకే అన్నాను. అతను లోపలికెళ్ళి పూజకి పెట్టుకునే బొమ్మవీణ పట్టుకొచ్చాడు! మనవడికి కీబోర్డు కొంటే అది చదువు. నాలుగు నెలల్లో మంచం కిందకి తోసినా ఎవరూ లెక్క అడగరు. నలభయ్యేళ్ళు ఆగిన నానమ్మ మైకు అడిగితే అది దుబారా!

అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. ఈసారి పుట్టినరోజుకి పిల్లలు చీర తెస్తామంటే, బీరువాలో చోటు లేదని చెప్పి మైకు తెమ్మనండి.