పేరు ప్రక్కనుండు ముఖము

పరీక్షల కాలము సమీపించునప్పుడు మన పాఠశాలలలో ఒక చిన్న కార్యము జరుగును. పదవ తరగతి బాలబాలికల పేర్లతోపాటు వారి ఛాయాచిత్రములనుగూడ కార్యాలయమునుండి కంప్యూటరు ద్వారా పంపుదురు. ఆ చిత్రమే పిదప హాల్ టిక్కెట్టుమీద అచ్చుపడును. పరీక్షాలయ ద్వారమున నిలుచు పర్యవేక్షకుడు బాలుని ఎఱిగినవాడు కాడు. కాగితముమీది ముఖమును ఎదుటనున్న ముఖముతో పోల్చి చూచును. కావున కార్యము చిన్నదే యైనను దాని ఫలము చిన్నది కాదు.

ఇట్టి చిత్రములు తెరమీద సరిగా కనబడకుండుట మేము పలుమారులు చూచియున్నాము. ఒకని ముఖము ప్రక్కకు పండుకొని యుండును. మఱియొకనిది అడ్డముగా సాగి గుమ్మడికాయవలె నుండును. వేఱొకని పేరు ప్రక్కన ఖాళీ చదరమే మిగులును. ఒకప్పుడు తరగతిలో పట్టికను తెరమీద సరిచూచుచుండగా ఒక బాలిక చిత్రము ప్రక్కకు ఒరిగి కనబడెను. తరగతియంతయు నవ్వెను, ఆ బాలిక మాత్రము నవ్వలేదు. క్రొత్త చిత్రము తెమ్మనగా, ఆమె తండ్రి ఒకనాటి కూలి మానుకొని పట్టణమునకు పోవలసి వచ్చెను. నిజమునకు క్రొత్త చిత్రముతో పనియే లేదు. రెండు నిమిషములలో సరిచేయదగిన పొరపాటది.

ఇట్టి దోషములలో పెక్కింటికి కారణము ఫైలు, బిడ్డ కాదు. కావున మొదటి ప్రయత్నము పాఠశాల చేయవలెను గాని, భారమును ఇంటిమీద వేయరాదని మా అభిప్రాయము.

ఒరిగిన చిత్రము సంగతి చూడుడు. ఫోనును ఎట్లు పట్టుకొన్నను కెమెరా చిత్రమును తన వాటముననే దాచుకొని, దీనిని ఇట్లు త్రిప్పి చూపవలెనని లోపల ఒక గుర్తు వ్రాసికొనును. ఆ గుర్తును చదువగల సాధనము చిత్రమును నిలువుగా చూపును. చదువలేనిది పండబెట్టి చూపును. కంప్యూటరులో తెఱచి, త్రిప్పి, క్రొత్త ప్రతిగా దాచినయెడల సాధారణముగా సరియగును.

ఖాళీ చదరమునకు తఱచుగా కనబడు కారణములు రెండు. 2017 నుండి ఐఫోనులు హెచ్‌ఈఐసీ అను రూపమున చిత్రములను దాచుచున్నవి. పెక్కు కార్యాలయములు 1992లో ప్రమాణముగా నేర్పడిన జేపెగ్ రూపమునే కోరును. ఫైలు పేరు చివరి అక్షరములు మాత్రము మార్చిన ప్రయోజనము లేదు. సీసామీది చీటీ మార్చిన లోపలి మందు మారునా? దానిని జేపెగ్‌గా మార్చి దాచవలెను. రెండవ కారణము పరిమాణము. హద్దు మించిన ఫైలును యంత్రము త్రోసివేయును. అప్పుడు చిత్రమును నిలువునను అడ్డమునను సమముగా తగ్గింపవలెను, అంచులు కత్తిరింపవచ్చును, చదరములో ఇఱికించుటకై లాగరాదు. గుమ్మడికాయ ముఖము పుట్టునది అచ్చటనే.

క్రొత్త చిత్రము పంపినను పాతదే కనబడుట మఱియొక చిక్కు. బ్రౌజరు ఒకసారి చూపిన చిత్రమును తనయొద్ద దాచుకొని, శ్రమ తగ్గుటకై దానినే మరల చూపును. వేఱొక కంప్యూటరులో చూచినచో నిజము తేలును. ఇది తెలియనివారు పదిసార్లు పంపి విసుగు చెందుదురు.

ఇక నొక దోషము యంత్రముది కాదు, మనది. కిటికీకి వీపు పెట్టించి తీసిన చిత్రమున ముఖము నల్లబడును. బిడ్డను వెలుతురునకు ఎదురుగా నిలుపుటయే దీనికి మందు. అది మాని, పిదప ముఖమునకు తెలుపు పూయుట కొన్నిచోట్ల పరిపాటి యైనది. దీనిని మేము ఒప్పము. గుర్తుకొఱకు తీసిన చిత్రమున మనిషి గుర్తుపట్టబడవలెను. కాలువగట్లమీద, వరిచేల నడుమ ఎండలో పెరిగిన మన బిడ్డల చామనచాయ దిద్దవలసిన తప్పు కాదు.

రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావు 28 ఏండ్లు నిండకమునుపే 1925లో మరణించెను. ఆ పట్టణమున ఆయన పేర నున్న చిత్రశాలలో ఆయన వ్రాసిన మనుష్యులను చూచినవారికి ఒక సంగతి బోధపడును: ముఖమును చూపదలచినవాడు ముందు దానిని శ్రద్ధగా చూడవలెను. కెమెరాకు రెప్పపాటు చాలును. అది చూపని శ్రద్ధను మనమే చూపవలసియున్నది.

కావున మా మనవి యిది. పంపకమునుపు ప్రతి విద్యార్థిని, తరగతి యెదుట గాక, ఒక్కొక్కరినిగా తెరయొద్దకు పిలిచి తన పేరును చిత్రమును తానే చూచుకొననీయవలెను. పై తరగతివారు ఉపాధ్యాయుల సమక్షమున తోడ్పడవచ్చును. అయితే ఒకరి చిత్రము మఱియొకరి ఫోనులో మిగులరాదు. తల్లిదండ్రులు మొదటి ప్రతిని చెరపక దాచవలెను. ఒకసారి తగ్గించిన చిత్రమునకు పూర్వపు స్పష్టత తిరిగి రాదు. ఇంతమందికి సమయ మెక్కడిదని కొందరనవచ్చును. మనము మిగుల్చుకొను నిమిషమునకు ఒక తండ్రి దినమంతయు చెల్లించుచున్నాడని వారు తలంతురు గాక.

మంచి కాపరి తన మందలో ఒక్కొక్కదానిని ఎఱుగునని బోధించు విద్యాలయములు మనవి. తన పేరు ప్రక్కన తన ముఖమే, నిలువుగా, స్పష్టముగా, తన చాయతో కనబడవలెనని కోరుట ఏ బిడ్డకును అత్యాశ కాదు.