మజిలీ ఆటల ప్రణాళిక

కాశీ మజిలీ కథల్లో మణిసిద్ధుడు, గోపకుమారుడు కాశీకి నడుస్తారు. మజిలీ చేరగానే శిష్యుడు అక్కడ చూసిన వింత గురించి అడుగుతాడు, గురువు కథ చెబుతాడు. మజిలీకొక కథ. వీడియో గేమ్ కూడా అలా ఉండాలని హైదరాబాద్ పాతబస్తీలో పుట్టి పెరిగిన మేం కొందరం ఒక నిర్ణయానికి వచ్చాం. మేం చేసే ఆట కూర్చున్నపాటున ముగుస్తుంది. గంట దాటదు.

మా ఇళ్లలో ఫోన్ ఒక్కరి సొత్తు కాదు. నాన్న దుకాణం నుంచి వచ్చాక తమ్ముడికి అరగంట, ఆ తర్వాత అమ్మకు. అరవై గంటల ఆట మాకెక్కడ కుదురుతుంది? రోజూ రమ్మని పిలిచి, నడిమధ్యలో ఆపి డబ్బులడిగే ఆటలు చాలా ఆడాం. వాటిలో దేనికీ ముగింపు లేదు. ముగింపు ఉంటేనే మనిషి ఫోన్ పక్కనపెట్టి కాసేపు ఊరుకుంటాడు, ఆ కాసేపటి కోసమే మా తపనంతా.

చిన్నది కాబట్టి తక్కువది అనేవాళ్లకు ఒక్క మాట. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. కొద్ది పేజీల కథ. అది నవల ఎందుకు కాలేదని ఎవరైనా అడిగారా?

2018లో వచ్చిన ‘ఫ్లోరెన్స్’ అరగంట పైచిలుకు ఆట. ప్రేమలో పడ్డ ఇద్దరు మాట్లాడుకునే మాటలు ముక్కలుగా వస్తాయి, మనం జతచేయాలి. కొత్తలో ముక్కలెక్కువ. చనువు పెరిగేకొద్దీ తగ్గుతాయి. తగవు పడ్డప్పుడు ముక్కల అంచులు కోసుగా మారతాయి. ప్రేమ ఎలా చెడిందో ఎవరూ చెప్పరు, మన వేలికే తెలిసిపోతుంది. 2023 నాటి ‘వెణ్బా’లో కెనడా చేరిన తమిళ తల్లి దగ్గర ఒక చిరిగిన వంటపుస్తకం ఉంటుంది. చెరిగిన చోట ఏముందో మనమే పోల్చుకుని ఇడ్లీ రేకులు పేర్చాలి. పొరుగింటి వంటగది ఆట కాగలిగినప్పుడు మా గల్లీ ఎందుకు కాలేదు?

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. కవి అమ్జద్ హైదరాబాదీ అదే వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. మా మొదటి ఆట ఆ చెట్టు మీదే. తెర మీద ఒక కొమ్మ, కింద నీళ్లు. కొమ్మను పట్టుకోవాలంటే బొటనవేలు తియ్యకుండా నొక్కి ఉంచాలి. కిందనుంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. రెండో వేలితో దాన్ని అందుకోవాలి. పక్క కొమ్మ మీద ముసలావిడ తన ఇంటివాళ్ల పేర్లు ఒక్కొక్కటీ తలుచుకుంటూ ఉంటుంది. వేలు నొప్పి పుట్టాలి. ఇందులో స్కోరు ఉండదు, తెల్లవారుతుందంతే.

తర్వాతది లాడ్‌బజార్ లక్కగాజుది. 2024లో ఈ గాజుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ నిప్పుల ముందు కూర్చునే చేతుల్ని ఎంతమంది చూశారు? లక్క వేడిగా ఉన్నంతసేపే రాళ్లు పొదగాలి. ఎదురుగా కూర్చున్న పెళ్లికూతురు ఏదో చెప్పబోయి ఆగుతుంది. ఆమె మాట వింటే లక్క చల్లారుతుంది, వినకపోతే మాట పోతుంది.

మా గల్లీల్లో తెలుగూ దక్కనీ ఒకే వాక్యంలో కలుస్తాయి. మా పాత్రలూ అలాగే మాట్లాడతాయి. సినిమాలు నవ్వించడానికే వాడుకున్న ఈ యాసలో ఇకమీదట ప్రేమించుకోవాలి, దుఃఖపడాలి, దువా చేయాలి. పాతబస్తీ అనగానే అల్లర్లూ బిర్యానీ తప్ప ఇంకేమీ గుర్తురాని కథ మేం రాయం. బతికున్నవాళ్ల కథైతే వాళ్లను అడిగి, వాళ్లకు ఆడి చూపించాకే బయటపెడతాం. పాత ఫోన్‌లో, నెట్ లేకుండా నడవాలి. యాడ్‌లు ఉండవు. ధర ఒక చాయ్ ఖరీదు.

బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు రండి. అవేవీ రాకపోయినా, ఆ మూసీ వరద గురించి మీ నానమ్మో దాదీయో చెప్పిన మాట ఒక్కటి గుర్తుంటే, అది పట్టుకుని రండి.