గులాబిరంగు పురుగును మనమే పెంచితిమి

"బి.టి. విత్తనము చెడినది" అని ప్రత్తి రైతులనుట మేము తరచుగా వినుచున్నాము. అది సగము మాటయే. మిగిలిన సగము మన సేద్యములో నున్నదని మా యభిప్రాయము.

మట్టిలోనుండు ఒక సూక్ష్మజీవి విషమును ప్రత్తి మొక్కయే తయారుచేసికొనునట్లు చేసిన విత్తనమునకు 2002లో మన దేశమున అనుమతి లభించెను. 2006లో రెండు విషముల రకము వచ్చెను. గుజరాతులో గులాబిరంగు పురుగు మొదటి విషమునకు లొంగుట లేదని 2010లో వెల్లడియయ్యెను. పిమ్మట రెండవదానికిని లొంగదాయెను.

పురుగు విషమునకు అలవాటుపడెనని తలంపరాదు. ఏ కొలదిపాటి పురుగులో పుట్టుకతోనే దానిని తట్టుకొనును. ఈ గుణము తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చిన పిల్లయే సాధారణముగా బ్రతుకును. ఒక్కరినుండి వచ్చినది చచ్చును. కావున తట్టుకొను పురుగునకు మామూలు పురుగుతో జత కుదిరినచో సంతానము విషమునకు లొంగును. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటాలపైనను బ్రతుకును గనుక దానికట్టి జత దొరకును. గులాబిరంగు పురుగునకు మన పొలములలో ప్రత్తియే ముఖ్యాహారము.

ఆ జతకొరకే పొలము చుట్టును వేయుడని 120 గ్రాముల మామూలు విత్తనమును వేరు పొట్లముగా నిచ్చుచుండిరి. "పురుగును మేపుటకు భూమి యేల?" యని పెక్కుమంది పారవేసిరి. మేమును గట్టిగా వాదింపమైతిమి; ఆ తప్పు మాది. అమెరికాలోని ఆరిజోనా రైతులు మామూలు ప్రత్తిని శ్రద్ధతో వేసిరి. 2006 నుండి గొడ్డు రెక్కల పురుగులనుగూడ వదలించిరి. 2018లో ఆ దేశపు ప్రత్తి పొలములలో ఈ పురుగు నిర్మూలమైనదని ప్రకటించిరి.

నేడు మామూలు గింజలు బి.టి. పొట్లములోనే కలిసి వచ్చుచున్నవి. మన చేతిలో మిగిలిన పని పంటను సకాలమున ముగించుట. వేసవివరకు తోట నుంచినచో తట్టుకొను పురుగులకు తరము వెంట తరము పెరుగును. ఎండుకాయలలోను గింజలలోను నిద్రించి, ఆ గుణమును మరుసటి పంటకు మోసికొనివచ్చును.

కడపటి యేరుళ్ళ సొమ్ము అప్పు తీర్చుటకు అక్కరకు వచ్చునని మే మెరుగుదుము. ఆ నష్టము నిజమైనదే. కాని ఒక్కరు కట్టె పీకి, పొరుగువారు నిలిపినచో నష్టము మొదటివానికే. గట్టు పురుగున కడ్డు కాదు. కావున రాబోవు సభ్యుల సమావేశమున ఒకే తీర్మానము చేయుడని కోరుచున్నాము: డిసెంబరు చివరకు ఊరంతయు ఏరుడు ముగించి, కట్టె పీకి, మిగిలిన కాయలను నాశనము చేయవలయును.