ఆపద వచ్చినంక కాదు, రాకముందే: జిల్లా ప్లాన్‌లో మన తండా ఉందా?

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికతో చివరిదాకా చదవండి. ఈ గ్రూపులో ఉన్న మనమంతా నల్గొండ, పాత పాలమూరు జిల్లాల తండాల నుంచి, పెంటల నుంచి వచ్చినోళ్లమే. లంబాడీలం, చెంచులం, ఎరుకలోళ్లం. మనలో చానా మంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మనమే. అందుకే ఈ ముచ్చట మనమే మాట్లాడాలె.

"విపత్తు" అనే మాట పేపర్లో కనిపిస్తే మనకు తుపాను, భూకంపం గుర్తొస్తయి. మన దిక్కు సముద్రం లేదు కదా, మనకేం కాదులే అనుకుంటం. ఒక్కసారి లెక్క తీద్దాం.

2015 మే ఎండలకు తెలంగాణలో ఐదువందల మందికి పైగా చనిపోయిన్రు. ఎక్కువ మందిని పోగొట్టుకున్న జిల్లాల్లో నల్గొండ ముందుంది. 2018 ఏప్రిల్ 6న పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర తండా నుంచి కూలికి పోతున్నోళ్ల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడింది. తొమ్మిది ప్రాణాలు పోయినయి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి ఇంకో తొమ్మిది మంది పోయిన్రు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. అందులో నలుగురు జార్ఖండ్ నుంచి పొట్టకూటికి వచ్చినోళ్లు. నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు తేవాలని నల్లమల కొండ కింద తవ్వుతున్న సొరంగం అది.

ఎండ, కాలువ, మంట, సొరంగం. సముద్రం లేకపోయినా ఇన్ని చావులు చూసినం.

సొరంగం కూలినప్పుడు సైన్యం వచ్చింది, ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది, సింగరేణి రక్షణ బృందాలు వచ్చినయి, కేరళ నుంచి వాసన పట్టే కుక్కలను తెచ్చిన్రు. రెండు నెలల పాటు కష్టపడినా రెండు మృతదేహాలే బయటికొచ్చినయి. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయట్లేదు. కానీ ఒక మాట అర్థం చేసుకోవాలె. పెద్ద ప్రమాదానికి పెద్ద బలగం వస్తది, టీవీ వస్తది, మంత్రి వస్తడు. అందరూ వచ్చేదాకా గడిచే మొదటి గంట ఎవరి చేతుల్లో ఉంటది? పక్కనున్న మనిషి చేతుల్లో. ఆ పక్కనున్న మనిషికి ఏం తెలుసు, అతని దగ్గర ఏముంది అన్నదే మా ప్రశ్న.

కరోనా టైంలో ఈ ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే కనిపించింది. 2021 మేలో అడవిదేవులపల్లి మండలంలో ఒక తండా యువకుడు పాజిటివ్ వచ్చినంక ఇంట్లోవాళ్లకు అంటుకోవద్దని చెట్టు మీద మంచం కట్టుకుని పదకొండు రోజులు గడిపిండు. ఇంట్లో విడిగా ఉండే గది లేదు. పేపర్లన్నీ దాన్ని వింతలెక్క రాసినయి. మనకైతే అది వింత కాదు. ఒక్క గదిలో నలుగురైదుగురు పండుకునే ఇల్లు మనందరికీ తెలుసు. తర్వాత ఆ ఊళ్లోని ఎస్టీ హాస్టల్‌నే ఐసోలేషన్ సెంటర్ చేసిన్రు. బిల్డింగు అంతకుముందు నుంచీ ఊళ్లోనే ఉంది. ఆపదొస్తే ఇది పనికొస్తదని ముందే రాసిపెట్టుకుంటే మొదటి రోజే తలుపు తెరిచేటోళ్లు కదా.

మనం చెప్పదల్చుకున్నది ఇదే. ఆరోగ్య శాఖను ఆపదకు తయారు చేయడమంటే హైదరాబాద్‌లో కంట్రోల్ రూము పెట్టడం ఒక్కటే కాదు. మామూలు రోజుల్లో మన దగ్గర ఏది పనిచేస్తదో, ఆపద రోజున కూడా అదే పనిచేస్తది. మామూలు రోజున సబ్ సెంటర్‌కు తాళం ఉంటే వరద రోజున ఎవరొచ్చి తీస్తరు? మామూలు రాత్రి పెంటలోకి 108 రాలేకపోతే వానకాలం వాగు పొంగిన రాత్రి ఎట్ల వస్తది? 108 మన రాజధానిలో 2005లోనే మొదలైంది. ఫోన్ సిగ్నల్ లేని పెంటకు ఆ నంబర్ ఇప్పటికీ గోడ మీద బొమ్మే.

మన హాస్టళ్ల సంగతే చూద్దాం. పేర్లు అవసరం లేదు, ఎవరి హాస్టల్ వాళ్లకు తెలుసు. మేముండే చోట ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే ఎండిపోయిన అయోడిన్ సీసా, తుప్పు పట్టిన కత్తెర, అంతే. రాత్రి ఒకరికి ఫిట్స్ వస్తే ఏం చేయాలో వందల మంది పిల్లల్లో ఒక్కరికీ తెల్వదు. అందరం చుట్టూ మూగుతం, చేతిలో తాళంచెవి పెడతం. తాళంచెవితో ఫిట్స్ ఆగదు. మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టాలె, నోట్లో ఏం కుక్కొద్దు. పాము కరిస్తే తాడు బిగించొద్దు, కోయొద్దు, మంత్రానికి పోయి టైం పోగొట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దవాఖానకు పోవాలె. వడదెబ్బ తగిలితే నీడకు తెచ్చి ఒళ్లంతా నీళ్లతో చల్లబరచాలె, అప్పుడే బండెక్కించాలె. ఇవి ఎంబీబీఎస్ చదువులు కావు. రెండు రోజుల శిక్షణతో వచ్చేటివి.

"పోరగాండ్లతో ఏమైతది, డాక్టర్లు కావాలె గానీ" అని కొందరు అంటరు. బంగ్లాదేశ్ సంగతి చూడండి. 1970 తుపానుకు అక్కడ మూడు లక్షల మందికి పైగా పోయిన్రు. ఆ తర్వాత 1972 నుంచి ఊరూరా వలంటీర్లను తయారు చేసిన్రు. ఇప్పుడు డెబ్బై వేల మందికి పైగా ఉన్నరు, ఆడవాళ్లు కూడా మస్తుగా ఉన్నరు. 2007లో అంతే పెద్ద తుపాను సిడ్ర్ వస్తే చావులు మూడున్నర వేల దగ్గర ఆగినయి. ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు పెరిగినయి నిజమే. కానీ ఇంటింటికీ పోయి తలుపు కొట్టి లేపింది ఊరి మనుషులే.

ఇంకొక భయం కూడా ఉంది, అది న్యాయమైన భయం. పిల్లలకు శిక్షణ ఇచ్చినమని చెప్పి సర్కారు ఏఎన్‌ఎం పోస్టులు ఖాళీగా ఉంచదా? అందుకే రెండూ కలిపి అడగాలె. మనం నేర్చుకునేది మొదటి గంట కోసం. రెండో గంట నుంచి డాక్టర్, మందు, మంచం సర్కారు బాధ్యత. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండకు 2019లో, నాగర్‌కర్నూల్‌కు 2022లో మెడికల్ కాలేజీలు వచ్చినయి. మంచిదే. కానీ తండా నుంచి కాలేజీ దవాఖాన దాకా ఉన్న దారిని ఎవరు పట్టించుకుంటరు?

అడిగే హక్కు మనకుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలె. కలెక్టర్ దానికి చైర్మన్, జిల్లా వైద్యాధికారి అందులో సభ్యుడు. సెక్షన్ 31 ప్రకారం జిల్లాకు ఒక ప్లాన్ రాయాలె, స్థానిక సంస్థలను అడిగి రాయాలె, ఏటా సరిచూడాలె. స్థానిక సంస్థలంటే పంచాయతీలు కూడా. 2018లో మన తండాలు, గూడేలు వెయ్యికి పైగా పంచాయతీలైనయి. అంటే ఆ ప్లాన్‌లో మన మాట ఉండాలని చట్టమే చెప్తున్నది. మన పంచాయతీని ఎవరైనా ఎన్నడైనా అడిగిన్రా?

2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రం వడదెబ్బను ప్రత్యేక విపత్తుగా గుర్తించి, చనిపోయిన మనిషి కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామని చెప్పింది. కానీ కాగితం మీద వడదెబ్బ అని నమోదైతేనే ఆ పైసలు. ఉపాధి పనికి పోయి ఇంటికొచ్చి మంచంలో పోయిన అవ్వకు ఆ కాగితం ఎవరు రాయిస్తరు? చదువుకున్న మనమే దగ్గరుండి రాయించాలె.

కాబట్టి ఈ ఎండకాలం సెలవుల కంటే ముందు మనం చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి: మన జిల్లా విపత్తు ప్లాన్ కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. మన మండలం, మన తండా పేరు అందులో ఉందో లేదో చూద్దాం.

రెండు: తండాకొక నోట్‌బుక్ పెడదాం. నెలలు నిండిన ఆడవాళ్లు, డయాలసిస్ పోయేటోళ్లు, మంచం పట్టినోళ్లు, ఫ్లోరైడ్‌తో నడవలేనోళ్లు, యాడీ బాపు ముంబై, పుణె వలసపోతే అవ్వతాతల దగ్గర ఉన్న పిల్లలు, ఎవరెవరున్నరో ఆశా అక్కతో కూర్చుని రాద్దాం. ఆ నోట్‌బుక్ ఆమె దగ్గరనే ఉండాలె, ఎవరి రోగం సంగతి గ్రూపుల్లో పెట్టొద్దు.

మూడు: ప్రతి హాస్టల్‌లో పది మందికి ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇవ్వాలని, అందులో సగం అమ్మాయిలుండాలని గిరిజన సంక్షేమ శాఖకు, జిల్లా వైద్యాధికారికి వినతిపత్రం ఇద్దాం. హాస్టళ్లను అత్యవసర కేంద్రాలుగా ప్లాన్‌లో రాయాలని, మంచాలు, నీళ్లు, మందుల డబ్బా ముందే పెట్టాలని అడుగుదాం.

నాలుగు: పెంటల సంగతి వేరే రాయాలె. అప్పాపూర్, భౌరాపూర్ లాంటి అడవి లోపలి పెంటలకు మైదానం ఊళ్ల ప్లాన్ సరిపోదు. వాన పడ్డనాడు ఏ దారి, సిగ్నల్ లేనిచోట ఏ వైర్‌లెస్, ఏ బండి అన్నది చెంచు పెద్దమనుషులను కూర్చోబెట్టి వాళ్ల నోటితోనే రాయించాలె. అడవి దారులు వాళ్లకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

మన యాడీ బాపులకు దరఖాస్తు రాయడం రాకపోవచ్చు. మనకొచ్చు. మనల్ని చదివించింది ఉద్యోగం కోసమే కావచ్చు, కానీ ఈ చదువు ఇట్లాంటి పనికి కూడా రావాలె. దరఖాస్తు నమూనా రాసినం, కింద కామెంట్‌లో మీ మండలం పేరు పెట్టండి, పంపిస్తం. ఏ హాస్టల్ నుంచి ఎవరు ముందుకొస్తరో కూడా రాయండి. వచ్చే ఆదివారం లోపు లిస్టు తయారు కావాలె.

జై సేవాలాల్. జై భీమ్.