ఒకే తీగ, మూడు సేవలు

టెలిఫోను, టెలివిజను, ఇంటర్నెట్టు ఈ మూడింటిని ఒకే తీగపై ఇంటింటికి చేర్చు ఆశయముతో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. నేల త్రవ్వుటకు బదులు విద్యుత్ స్తంభములపైననే తీగ లాగుటచే ఖర్చు తగ్గినది. నెలకు రూ. 149లకే మూడు సేవలని నాడు ప్రకటించిరి. మా బద్వేలు వంటి మెట్టప్రాంతమునకు ఇది చిన్న మాట కాదు.

అయితే స్తంభము కూలినచో దీపముతోపాటు ఫోను, వార్త, పాఠము అన్నియు ఒక్కసారిగా పోవును. (వేసవి గాలివాన సంగతి బద్వేలువారికి వేరుగ చెప్పవలెనా?) అప్పుడు ఎవరినడుగవలెను? తీగలు కలిసినవి గాని చట్టములు కలియలేదు. ఈ రంగములన్నింటికి ఒకే కమిషన్‌ను ఏర్పరచు బిల్లు 2001లో లోక్‌సభకు వచ్చి, 2004లో సభ రద్దుతో మురిగిపోయెను. 1885 నాటి తంతి చట్టమునకు బదులుగా 2023లో క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినను, కేబుల్ టెలివిజనుకు 1995 నాటి చట్టము వేరుగనే నిలిచినది.

మూడు సేవలకు మండలములో ఒకే ఫిర్యాదు కేంద్రము ఉండవలెను. సినిమాలకు చోటున్న తీగపై ఉర్దూ మాధ్యమ విద్యార్థి పాఠమునకును చోటుండవలెను. కళాశాల పాలకవర్గమువారు ఈ రెండు కోరికలను ప్రభుత్వమునకు వ్రాసి పంపవలెనని మా మనవి. సంతకములకు మేము సిద్ధము.